విశాఖ వన్‌టౌన్ వీధులను కాలినడకన చూడడం ఎలా: సమగ్ర మార్గదర్శి

బీచ్ రోడ్డు, కైలాసగిరి, రుషికొండ చూసినవారిలో చాలామంది ఆ తర్వాత అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: వన్‌టౌన్ అనే పాత ఊరు ఎలా చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, అక్కడ చూడడానికి ఏముంటుంది? కోటవీధి, బురుజుపేట అన్న పేర్లు మిగిలాయి గాని చుట్టూ తిరిగి చూడదగిన కోటగోడ ఇప్పుడు వన్‌టౌన్‌లో లేదు. టిక్కెట్టు కొని లోపలికి వెళ్లే ద్వారమూ లేదు. అందుకే కొత్తవారు పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి, అటూ ఇటూ చూసి, అరగంటలో తిరిగి బస్సెక్కేస్తుంటారు.

వీధి బతుకును చూడాలనుకునేవారికి దారి పటం కన్నా గడియారం ముఖ్యం. హార్బరుకు ఒక వేళ ఉంది, కుళాయి దగ్గరి బిందెల వరుసకు ఒక వేళ ఉంది, నగల దుకాణాల వీధికి మరొక వేళ ఉంది. ఈ వేళలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి, దగ్గరదగ్గరగా ఉన్నాయి కదా అని అన్నిటినీ ఒకే నడకలో చుట్టేయాలనుకుంటే సగం చోట్ల మూసిన తలుపులే ఎదురవుతాయి. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క విషయం మీద నిలబడి ఉంది.

1. రోజు, పూట ముందే నిర్ణయించుకోండి

వన్‌టౌన్‌ను రెండు నడకలుగా విడదీయండి. ఉదయం ఫిషింగ్ హార్బరు, రాస్ హిల్, కోటవీధి సందులు, బురుజుపేట చూడాలి. సాయంత్రం పూర్ణా మార్కెట్, మెయిన్ రోడ్డు, కురుపాం మార్కెట్ చూడాలి. ఒకే రోజు రెండు పూటలా నడవగలిగితే మంచిదే, లేకపోతే రెండు వేర్వేరు రోజులు పెట్టుకోవడం ఇంకా మంచిది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ అలసట తెస్తుంది. సముద్రపు గాలి సందుల్లోకి అంతగా రాదు కాబట్టి ఉదయం 9 దాటితే నడవడం కష్టమవుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల హెచ్చరికలు వస్తుంటాయి. ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి హార్బరుకు వెళ్లినా ఫలితం ఉండదు.

తేదీ ఖాయం చేసుకునే ముందు ఈ కింది వాటిని సరిచూసుకోండి.

- ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో హార్బరులో వేలం సందడి కనిపించదు. వలలు అల్లడం, పడవలకు మరమ్మతులు చేయడం, రంగులు వేయడం చూడాలనుకునేవారికి మాత్రం అదే సరైన కాలం.
- కార్తిక మాసంలో చాలా ఇళ్లలో చేపలు మానేస్తారు. బేరాలు తగ్గుతాయి, అమ్మేవారికి మాట్లాడే తీరిక కాస్త దొరుకుతుంది.
- మార్గశిర మాసం గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి అర్ధరాత్రి దాటినప్పటి నుంచే భక్తులు బారులు తీరుతారు. ఆ జనాన్నే చూడాలనుకుంటే గురువారం వెళ్లండి. తీరిగ్గా వీధులు చూడాలనుకుంటే ఆ నెలలో గురువారం కాని మరో రోజు ఎంచుకోండి.
- డిసెంబరు 8న రాస్ హిల్ మీద మేరీమాత ఉత్సవం జరుగుతుంది. ఊళ్లోవాళ్లు దాన్ని కొండగుడి పండుగ అంటారు.
- ఆషాఢ శుద్ధ విదియనాడు జగన్నాథస్వామి రథయాత్ర ఉంటుంది. ఆ రోజు పాత ఊరి రోడ్లు రథానికే.
- డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. నౌకాదళ విన్యాసాలు విశాఖ తీరంలో జరిగే ఏడాది ఆ రోజూ, అంతకు ముందు సాధన జరిగే రోజుల్లోనూ సాయంత్రాలు బీచ్ రోడ్డు వైపు వాహనాలను మళ్లిస్తారు.

ఆదివారం హార్బరు కిటకిటలాడుతుంది. జనాన్ని చూడడానికి ఆదివారం, పనిని చూడడానికి మామూలు వారం రోజు: ఈ తేడాను మనసులో పెట్టుకుని రోజు ఎంచుకోండి.

2. సంచిలో ఏముండాలి

బరువు తక్కువైతే చూపు ఎక్కువ నిలుస్తుంది. భుజానికి తగిలించుకునే చిన్న సంచి చాలు.

- తడిసినా పాడవని, అడుగు జారని చెప్పులు. హార్బరులో నేలంతా ఉప్పునీరు, కరిగిన మంచు, చేపల పొలుసు కలిసి జారుడుగా ఉంటుంది. తెల్లని బూట్లు, ఎత్తుమడమల చెప్పులు వద్దు. తోలు చెప్పులు ఉప్పునీటికి పాడవుతాయి.
- లీటరు మంచినీళ్లు, చేతిరుమాలు, ఎండకు టోపీ లేదా గొడుగు.
- 10, 20 రూపాయల నోట్లు. ఫోనుతో చెల్లింపులు అంతటా నడుస్తున్నా, తెల్లవారుజామున టీ తాగినప్పుడు, ఒక పువ్వుల మూర కొన్నప్పుడు చిల్లర చేతిలో ఉంటే ఎదుటివారి పని ఆగదు.
- చిన్న నోటుపుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకోవచ్చు గాని, ఫోను పైకెత్తితే ఫొటో తీస్తున్నారనుకుంటారు.
- చేపలు కొనే ఉద్దేశం ఉంటే మూత ఉన్న డబ్బా. అది లేకపోతే కొనకండి, మిగిలిన నడకంతా ఆ సంచి చుట్టూనే తిరుగుతుంది.

గుళ్లోకి, చర్చిలోకి, దర్గాలోకి ఒకే నడకలో వెళ్లవలసి రావచ్చు కాబట్టి మోకాళ్లు, భుజాలు కప్పే నూలు బట్టలు వేసుకోండి. తల కప్పుకోవడానికి ఒక కండువా లేదా చున్నీ ఉంటే మూడు చోట్లా ఇబ్బంది ఉండదు.

3. దారిని ఇంట్లోనే చదువుకోండి

వన్‌టౌన్ సందుల్లో నిలబడి ఫోనులో దారి వెతుక్కుంటుంటే ఎదుట జరుగుతున్నది కనబడదు. బయలుదేరే ముందు రాత్రి ఒక కాగితం మీద ఈ పేర్లను, ఏది దేనికి ఏ వైపున ఉందో గుర్తుపట్టేలా రాసుకోండి: ఫిషింగ్ హార్బరు, చెంగల్రావుపేట, కోటవీధి, టౌన్‌హాలు, రాస్ హిల్, పాత పోస్టాఫీసు, విక్టోరియా రాణి విగ్రహం, బురుజుపేట, టౌన్ కొత్తరోడ్డు, కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్, జగదాంబ జంక్షన్.

ఈ పేర్లలో రెండింటిని గట్టిగా పట్టుకోండి. ఒక కొసన పాత పోస్టాఫీసు, మరో కొసన జగదాంబ జంక్షన్. మధ్యలో ఎన్ని సందులు తిరిగినా, ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎటు అని అడిగితే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. అటు సముద్రం, ఇటు పోర్టు ఉన్నాయి కాబట్టి దారి తప్పినా చాలా దూరం తప్పిపోయే భయం లేదు.

సిటీ బస్సుల బోర్డుల మీద ఓహెచ్‌పీఓ అని ఉంటే అది పాత పోస్టాఫీసుకు వెళ్లే బస్సు. కండక్టరును అడిగేటప్పుడు మాత్రం పాత పోస్టాఫీసు అనే అనండి. సొంత కారు తీసుకురావద్దని గట్టిగా చెబుతాను. ఇరుకు వీధుల్లో దాన్ని నిలిపే చోటు వెతకడానికే గంట పోతుంది, నిలిపిన తర్వాత మనసు దాని మీదే ఉంటుంది.

4. ఉదయపు నడక, మొదటి మజిలీ: ఫిషింగ్ హార్బరు

సూర్యోదయానికి ముందే హార్బరు చేరాలి. జూన్‌లో 5:30కి ముందే పొద్దు పొడుస్తుంది, జనవరిలో 6:30 ప్రాంతంలో పొడుస్తుంది. అంతకు అరగంట ముందు అక్కడ ఉండేలా ఆటో మాట్లాడుకోండి.

గేటు దాటగానే నేరుగా పడవల దగ్గరికి పరుగెత్తవద్దు. ముందు ఒక పక్కన నిలబడి, సరుకు ఎటు నుంచి ఎటు కదులుతోందో చూడండి. పడవలోంచి గంపలు దిగుతాయి, గంపల్లోంచి చేపలు నేల మీద కుప్పలవుతాయి, కుప్పల చుట్టూ జనం గుండ్రంగా మూగుతారు, బేరం తెగిన కుప్ప మంచు వేసిన పెట్టెల్లోకో ఆడవాళ్ల తట్టల్లోకో పోతుంది, అక్కడి నుంచి ఆటోల్లోకి, వ్యానుల్లోకి ఎక్కుతుంది. ఈ ప్రవాహం ఒకసారి అర్థమైతే ఎక్కడ నిలబడకూడదో మీకే తెలుస్తుంది. గంపలు మోసేవారు తల మీద బరువుతో, కాళ్ల కింద జారుడుతో వేగంగా వస్తారు. వారి దారికి అడ్డం నిలిచినవారిని తప్పించుకోవడం వారికి కష్టం.

తర్వాత ఒక్క కుప్పను ఎంచుకుని, దాని వేలం మొదటి నుంచి చివరి వరకు చూడండి. పాట పాడే మనిషి ధరను ఒకే గుక్కలో పైకి తీసుకుపోతుంటాడు. కొనేవారు గట్టిగా అరవరు. ఒకరు తల పంకిస్తారు, ఒకరు వేలు కదుపుతారు, ఇంకొకరు కుప్పలోంచి ఒక చేపను పైకెత్తి మొప్ప తెరిచి ఎరుపు చూసి మళ్లీ పడేస్తారు. ఆ మొప్ప తెరిచే క్షణాన్ని గమనించండి. ధర పెరుగుతుందా ఆగుతుందా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. వంజరం, చందువ, రొయ్యల కుప్పల దగ్గర పాట పెద్దది. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతల కుప్పల దగ్గర పాట చిన్నదైనా ఊళ్లో తిరిగి అమ్మే ఆడవాళ్లు ఎక్కువగా మూగేది అక్కడే. నన్నడిగితే చిన్న కుప్పల దగ్గరే నిలబడమంటాను. పది రూపాయలు తగ్గించడానికి అక్కడ జరిగే మాటల పోరులో ఊరి బతుకు ఎక్కువ కనిపిస్తుంది.

మరో పక్కన కత్తిపీటలు ముందు పెట్టుకుని చేపలు కోసే ఆడవాళ్లు వరుసగా కూర్చుంటారు. బూడిద అద్ది పట్టు కుదుర్చుకోవడం, పొలుసు రాకడం, కడుపు చీల్చడం, ముక్కలు కొట్టడం, ఇదంతా చూపు తిప్పుకునేలోగా అయిపోతుంది. చూడాలనుకుంటే పొలుసు ఎగిరి పడని దూరంలో నిలబడండి. చేపలు కొనకపోయినా వారితో మాట్లాడవచ్చు, చేతిలో పని ఉన్నంతసేపు మాత్రం ప్రశ్నలు వేయవద్దు.

హార్బరులో పాటించవలసినవి:

- తాళ్లను దాటకండి, తాళ్ల మీద నిలబడకండి. పడవ కదిలితే తాడు ఒక్కసారిగా బిగుస్తుంది.
- జెట్టీ అంచుకు దూరంగా ఉండండి.
- కుప్పలోని చేపను కొనే ఉద్దేశం లేకుండా ముట్టుకోకండి.
- ముక్కు మూసుకుని నడవకండి. అది అక్కడ పనిచేసేవారి మొహం మీదే తలుపు వేసినట్టు ఉంటుంది. వాసన పది నిమిషాల్లో అలవాటవుతుంది.

7:30 అయ్యేసరికి పెద్ద పాటలు చాలావరకు ముగిసిపోతాయి. అక్కడి నుంచి బయటపడి, కాళ్లు కడుక్కుని, ఒక టీ తాగి ముందుకు సాగండి. నడిచే ఓపికను సందుల కోసం దాచుకోవాలనుకుంటే పాత పోస్టాఫీసు వరకు ఆటోలో వెళ్లడం మేలు.

5. కొండ మీద నుంచి ఒకసారి ఊరిని చూసుకోండి

పోర్టు ముఖద్వారం పక్కన మూడు చిన్న కొండలు వరుసగా ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. మూడూ ఎక్కనవసరం లేదు. సందుల్లోకి వెళ్లే ముందు రాస్ హిల్ ఒకటి ఎక్కితే చాలు.

పైనుంచి చూసేటప్పుడు కాగితం మీద రాసుకున్న పేర్లను ఎదుట ఉన్నవాటితో సరిపోల్చుకోండి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో ఓడలు వచ్చిపోయే కాలువ, ఇటు పెంకుటిళ్లూ డాబాలూ కలిసిపోయిన పాత ఊరు కనిపిస్తాయి. పెంకులు ఎక్కడ ఎక్కువగా కనిపిస్తున్నాయో గుర్తుపెట్టుకుని, కిందికి దిగాక ఆ వైపు సందుల్లోకి వెళ్లండి. కొండ ఎక్కడం వల్ల వచ్చే అసలు ప్రయోజనం ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. పోర్టు, నౌకాదళం భద్రతా ప్రాంతాలు దగ్గరలోనే ఉన్నాయి. నౌకాదళ ఓడలను, పోర్టు లోపలి కట్టడాలను ఫొటోలు తీయవద్దు, డ్రోన్ అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. కాపలావారు ఆపితే వాదించకుండా వారు చెప్పినట్టు చేయండి. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే బయటే ఉండి, ముగిశాక లోపలికి వెళ్లండి.

6. కోటవీధి సందులు: నడక తగ్గించి నిలబడడం పెంచండి

కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హార్బరులో చూడవలసినది కళ్ల ముందుకు వచ్చి నిలుస్తుంది. సందుల్లో అలా రాదు, మనమే నిలబడి ఎదురుచూడాలి. అందుకని ఈ పద్ధతిని పాటించండి.

మొదట, ఒక సందును మొదలు నుంచి చివరిదాకా ఆగకుండా మామూలు నడకతో దాటండి. దేన్నీ పరీక్షగా చూడవద్దు. మీరు వచ్చారని వీధికి తెలియనివ్వండి. అరుగు మీద కూర్చున్న పెద్దవారెవరైనా చూస్తే పలకరింపుగా తల ఊపండి.

తర్వాత అదే సందులో వెనక్కి రండి. ఈసారి ఎవరి గుమ్మానికీ ఎదురుగా కాకుండా, ఒక మలుపు దగ్గరో చిన్న కొట్టు పక్కనో పది నిమిషాలు నిలబడండి. కొట్టులో ఏదైనా కొంటే అక్కడ నిలబడడానికి ఒక కారణం దొరుకుతుంది.

నిలబడ్డప్పుడు చూపును కింది నుంచి పైకి తీసుకువెళ్లండి. ముందు నేల: ఎవరి వాకిట ముగ్గు తడి ఆరలేదు, ఎవరి వాకిట తొక్కుడుకు చెరిగిపోయింది. తర్వాత గడప, అరుగు: అరుగు అంచు మధ్యలో నున్నగా అరిగి ఉంటే అది రోజూ ఎవరో కూర్చునే చోటు. అరుగు మీద ఇప్పుడు ఏముంది, ఎండబెట్టిన వడియాలా, పిల్లల సైకిలా, ఇస్త్రీ బల్లా? తర్వాత గోడ: సున్నం పెచ్చులూడిన చోట లోపలి ఇటుక కనిపిస్తుంది, దాని పక్కనే కొత్త సిమెంటు పూత, దాని మీద కరెంటు మీటరు. ఆపైన చెక్క స్తంభం, వసారా, పెంకు. ఆ పెంకు వెనక నుంచి కొత్తగా లేచిన మేడ, ఆ మేడ మీద ఆరేసిన బట్టలు. ఇలా ఒక్క ఇంటిని పూర్తిగా చూసినవారికి ఆ వీధిలోని మిగతా ఇళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఇరవై ఇళ్లను పైపైన చూసినవారికి ఒక్కటీ గుర్తుండదు.

వేళను కూడా గమనించండి. కుళాయి నీళ్లు వదిలినప్పుడు బిందెలు, మాటలు ఒకేసారి వీధిలోకి వస్తాయి. ఆ తర్వాత బడి వేళ. సెయింట్ అలోషియస్, క్వీన్ మేరీస్ బడులకు వెళ్లే పిల్లలతో, ఆటోలతో, రిక్షాలతో రోడ్లు నిండిపోతాయి. ఆ అరగంట ఏ కొట్టు గట్టునో ఆగండి. పిల్లల పరుగులు ముగిశాక వీధి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, కూరగాయల బండ్ల కేకలు మొదలవుతాయి. టౌన్‌హాలు వంటి పాత కట్టడాలను బయటినుంచి చూడడానికి అదే మంచి సమయం.

టిఫిను కూడా ఈ మజిలీలోనే చేయండి. ఏ బండి మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. పేరు కన్నా ఈ గుర్తులు నమ్మదగ్గవి: చుట్టుపక్కల కొట్లవారు, ఆటోవారు అక్కడే తింటున్నారా, ఇడ్లీ రేకు ఆవిరితో అప్పుడే దిగుతోందా, పచ్చడి గిన్నెకు మూత ఉందా. మూడింటికీ అవునని సమాధానం వస్తే ప్లేటు తీసుకోండి.

7. బురుజుపేట

కనకమహాలక్ష్మి అమ్మవారు గోపురం నీడన కాకుండా ఆరుబయట కొలువై ఉంటారు, అమ్మవారి మీద పైకప్పు ఉండదు. భక్తులు స్వయంగా పూజ చేసుకునే ఆచారం ఇక్కడ ఉంది. దర్శనం చేసుకునేవారు వరుసలో వెళ్లండి. వీధిని చూడడానికి వచ్చినవారు గుడి బయట, పసుపు కుంకుమలు, పువ్వులు, గాజులు అమ్మే చోట కాసేపు గడపండి. కొత్తగా కొన్న నగ, కొత్త బండి తాళాలు, పసిబిడ్డ, వీటిని అమ్మవారికి చూపించడానికి వచ్చే కుటుంబాలు అక్కడే చెప్పులు విప్పి, జడలో పువ్వులు సర్దుకుని, డబ్బులు లెక్కపెట్టుకుంటాయి. ఫోనును సంచిలో పెట్టేయండి. ఉదయపు నడక ఇక్కడితో ముగిసింది, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోండి.

8. సాయంత్రపు నడక: పూర్ణా మార్కెట్ నుంచి పాత పోస్టాఫీసు దాకా

ఈసారి దిశ మారుతుంది. జగదాంబ వైపు నుంచి మొదలుపెట్టి పాత పోస్టాఫీసు దగ్గర ముగించండి. అలా చేస్తే నడక ముగిసిన చోటే ఇంటికి బస్సు దొరుకుతుంది. శీతాకాలంలో 5:30 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది కాబట్టి 4 గంటలకే బయలుదేరండి. వేసవిలో 5 గంటలైతే సరిపోతుంది.

పూర్ణా మార్కెట్‌లో ముందు బయటి వరుసలు, తర్వాత లోపలి వరుసలు చూడండి. కూరగాయల దగ్గర ధరలు అడిగి కొనకుండా వెళ్లిపోవడం పర్వాలేదు, బేరం ఆడి ధర కుదిరాక వెళ్లిపోవడం మాత్రం తప్పు. ఏదో ఒకటి కొనాలనిపిస్తే పువ్వుల దగ్గర కొనండి. మూర కొలిచే చెయ్యి అమ్మేవారిది కావడం వల్ల అక్కడ జరిగే సరదా తగాదాలను వినవచ్చు.

అక్కడి నుంచి మెయిన్ రోడ్డు మీదుగా కురుపాం మార్కెట్‌కు నడవండి. ఇక్కడ రెండు రకాల వ్యాపారం పక్కపక్కనే నడుస్తుంది. ఒకటి నగలది, మెత్తని పరుపుల మీద కూర్చుని గంటలకొద్దీ సాగేది. రెండోది పూజ సామగ్రి, పసుపు, మసాలా దినుసులు, మూలికలది, నిలబడి రెండు నిమిషాల్లో ముగిసేది. మూలికల కొట్టు ముందు ఆగి, కొనేవారు చీటీ చదువుతుంటే అమ్మేవారు ఏ డబ్బాలోంచి ఏది తీస్తున్నారో చూడండి. పేరు తెలియనిది ఒకటి ఎంచుకుని, రద్దీ తగ్గాక దేనికి వాడతారో అడగండి. అడిగినందుకు ఒక 20 రూపాయల సరుకు కొనడం మర్యాద.

నగల కొట్ల ముందు మాత్రం గుమిగూడి నిలబడవద్దు, లోపలివారిని ఫొటో తీయవద్దు. బంగారం కొనేవారికి తమ మీద చూపు పడడం ఇష్టం ఉండదు, అది న్యాయమే.

9. పలకరింపు, ఫొటో

ఈ ఊళ్లో ముందుగా ప్రశ్న వేసేది మీరు కాదు, వారు. ‘ఎక్కడ్నించొచ్చేరు బాబూ?’ అనో, ‘ఏటండీ చూస్తన్నారు?’ అనో అడుగుతారు. ఆ మాటలో అనుమానం ఉండదు. సూటిగా జవాబు చెప్పండి: ఫలానా చోటి నుంచి వచ్చాం, పాత వీధులు చూద్దామని నడుస్తున్నాం. ఆ ఒక్క వాక్యంతో చాలా తలుపులు తెరుచుకుంటాయి.

వయసులో పెద్దవారిని మావయ్యా, పిన్నీ, అమ్మా అని, ఈడువారిని అన్నా, అక్కా అని పిలవండి. ‘మీరు’ అనే మన్నన వదలకండి. మీరు గాజువాక నుంచి వచ్చినా గుంటూరు నుంచి వచ్చినా ఇక్కడివారి యాసను అనుకరించవద్దు, వెక్కిరింపుగా వినిపిస్తుంది.

ఫొటోకు మూడు నియమాలు చాలు. మనిషిని తీయాలంటే ముందు మాట, తర్వాత ఫోను. ఇంటి ముందు తీయాలంటే ఇంటివారిని అడగడం. తీసిన బొమ్మను అక్కడే చూపించి, వద్దంటే వారి ఎదుటే తొలగించడం. పసిపిల్లలను, స్నానాలు చేసేవారిని, కుళాయి దగ్గరి ఆడవాళ్లను తీయనే తీయవద్దు.

10. తరచు జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

*9 గంటలకు హార్బరు చేరడం.* అప్పటికి నేల కడుగుతుంటారు. ఆలస్యమైపోతే హార్బరును మరో రోజుకు వదిలి, నేరుగా కోటవీధి సందులతో మొదలుపెట్టండి.

*ఉదయం 8 గంటలకే కురుపాం మార్కెట్‌కు వెళ్లడం.* చాలా దుకాణాలు తెరిచి ఉండవు. సాయంత్రానికి వాయిదా వేయండి.

*పదిమంది గుంపుగా సందుల్లోకి వెళ్లడం.* వీధి తన పని ఆపి మిమ్మల్ని చూస్తుంది, మీరు చూడవలసింది ఆగిపోతుంది. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒక గంట తర్వాత విక్టోరియా రాణి విగ్రహం దగ్గర కలుసుకోండి.

*దారి అడిగినప్పుడు దూరాన్ని నమ్మడం.* ‘ఇక్కడే’ అన్న మాటకు రెండు నిమిషాలూ అర్థమే, ఇరవై నిమిషాలూ అర్థమే. దూరం అడగకుండా, మలుపు దగ్గర ఏ కొట్టు లేక ఏ గుడి ఉంటుందో అడగండి.

*సందు చివర ఎవరి పెరట్లోకో వెళ్లిపోవడం.* పాత ఊళ్లో కొన్ని సందులు ఇళ్ల మధ్యే ముగుస్తాయి. చెప్పులు విడిచిన వరుస గాని, ఆరేసిన బట్టలు గాని దారికి అడ్డంగా కనిపిస్తే అది ఇంటివారి చోటు. ‘దారి తప్పామండీ’ అని చెప్పి వెనక్కి తిరగండి.

*వర్షం వచ్చినా నడక కొనసాగించడం.* కాలువలు పొంగితే రోడ్డు, కాలువ గట్టు ఒకటిగా కనిపిస్తాయి. ఎత్తైన అరుగు గాని కొట్టు గాని చూసుకుని ఆగండి, నీరు తీసేదాకా కదలకండి.

*ఒకే రోజు వన్‌టౌన్‌తో పాటు సింహాచలం, కైలాసగిరి కూడా పెట్టుకోవడం.* దీనికి దిద్దుబాటు లేదు. ఏదో ఒకటి వదులుకోవాలి.

11. అదే రోజు రాసిపెట్టుకోండి

ఇంటికి చేరిన రాత్రే ఒక పేజీ రాయండి. కట్టడాల వర్ణన అవసరం లేదు. ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రాస్తే తర్వాతి నడక ఎక్కడ మొదలుపెట్టాలో అందులోనే తేలుతుంది.

- ఏ మలుపు దగ్గర, ఎన్ని గంటలకు నిలబడ్డాను?
- అక్కడ ఏ పని మొదలైంది, ఏ పని ముగిసింది?
- విన్న మాటల్లో నాకు కొత్తవి ఏవి?
- ఎవరితో మాట్లాడాను, వారు ఏ వేళకు మళ్లీ అక్కడ ఉంటారు?
- ఏ తలుపు మూసి ఉంది, అది ఎప్పుడు తెరుచుకుంటుంది?

12. పిల్లలతో, పెద్దవారితో వెళ్లేటప్పుడు

పిల్లలను హార్బరుకు తీసుకువెళితే చెయ్యి వదలవద్దు. ఐదేళ్లలోపు వారితో అయితే హార్బరు మానేసి, సాయంత్రం పూర్ణా మార్కెట్ ఒక్కటే చూడండి. కాస్త పెద్ద పిల్లలకు ఒక పని అప్పగించండి: ఎన్ని రకాల చేపలు, ఎన్ని రకాల ఆకులు అమ్ముతున్నారో లెక్కపెట్టి, అమ్మేవారిని అడిగి పేర్లు రాయమనండి. ముళ్లున్న చేపలను, పీతలను ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని రాస్ హిల్ నడిచి ఎక్కమనవద్దు. వారితో వెళ్లేటప్పుడు ఆటోను ఒక పూటకు మాట్లాడుకుని, బురుజుపేట గుడి దగ్గర, కురుపాం మార్కెట్ దగ్గర మాత్రమే దించి నడిపించండి. ఒక్కో చోట అరగంట చాలు. ఎంత సేపు ఆగాలో, ఎక్కడ నిలపాలో, మొత్తం ఎంత ఇవ్వాలో ఎక్కే ముందే తేల్చుకోండి. డ్రైవరు ఫోను నంబరు తీసుకుని, రద్దీ వల్ల ఆటో దగ్గరికి రాలేకపోతే టౌన్ కొత్తరోడ్డు కూడలిలో ఎక్కుతామని చెప్పి ఉంచండి.